ఉష్ణమండల సముద్రతీరానికి వెళ్తున్నారా? ఆరోగ్యం, భద్రత విషయంలో బయల్దేరే ముందు నుంచి తిరిగొచ్చాక దాకా ఏం చేయాలి

వేడి ప్రాంతాల సముద్రతీరానికి మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగేది సొరచేపల గురించి, పాముల గురించి. అక్కడ ప్రాణం మీదకు తెచ్చేవి చాలావరకు వేరే. ప్రశాంతంగా కనిపించే నీళ్లు, అద్దెకు తీసుకున్న బైకు, మధ్యాహ్నపు ఎండ, పగటిపూట కుట్టే దోమ. వీటిని చూస్తే ఎవరికీ భయం వేయదు, అందుకే జాగ్రత్తా ఉండదు. పైగా వీటిలో చాలావాటి విషయంలో ఆ క్షణంలో ఆలోచించుకునే టైమ్ దొరకదు. ప్రవాహం లాక్కెళ్తున్నప్పుడు ఎటు ఈదాలో అప్పటికప్పుడు నేర్చుకోలేం. కుక్క కరిచాక వ్యాక్సిన్ ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుంటూ తిరగలేం. కాబట్టి నిర్ణయాలు ముందే తీసుకుని పెట్టుకోవాలి. ఈ మార్గదర్శిని ప్రయాణం జరిగే వరుసలోనే రాశాను. ఏ దశలో ఏం తేల్చుకోవాలో ఆ దశ దగ్గరే ఉంటుంది.

1. బయల్దేరడానికి ఆరు వారాల ముందు

డాక్టర్ దగ్గరికి కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందు వెళ్లండి. కొన్ని టీకాలు రెండు మూడు డోసులు వేయించుకోవాలి, కొన్ని పనిచేయడానికి రోజులు పడతాయి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నాళ్లు ఉంటారో, గర్భం, షుగర్, గుండె జబ్బు లాంటివి ఏమున్నాయో అన్నీ చెప్పండి. హెపటైటిస్ ఎ, టైఫాయిడ్ టీకాలు తీరప్రాంత ప్రయాణాలకు తరచూ సూచిస్తారు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి, ఎందుకంటే పగడపు దిబ్బల మీద, రాళ్ల మీద కాళ్లు కోసుకోవడం సముద్రతీరంలో రోజూ జరిగేదే.

ఆఫ్రికా, దక్షిణ అమెరికాలోని కొన్ని దేశాలకు వెళ్తుంటే, లేదా అక్కడి నుంచి ఇంకో దేశానికి వెళ్తుంటే, ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది. 2016 నుంచి ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుబాటవుతోంది, మళ్లీ మళ్లీ వేయించుకోనక్కర్లేదు.

మలేరియా ఉన్న ప్రాంతమైతే నివారణ మాత్రలు రాస్తారు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, మలేరియా ప్రాంతం నుంచి వచ్చాక ఇంకో 7 రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక 4 వారాలు వాడాలి. దీనితో ఇంకో చిక్కుంది. ఇది వేసుకునేవాళ్ల చర్మం ఎండకు మామూలుకన్నా త్వరగా కమిలిపోతుంది. బీచ్‌లో ఎక్కువసేపు గడపాలనుకుంటే ఈ విషయం డాక్టర్‌తో ముందే మాట్లాడండి.

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్న దంపతులు జికా వైరస్ గురించి తప్పకుండా అడగాలి. కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలను అది దెబ్బతీయగలదు, దోమ ద్వారానే కాక లైంగికంగానూ సోకుతుంది. జికా ఉన్న ప్రాంతం నుంచి వచ్చాక గర్భం కోసం ప్రయత్నించే ముందు ఆడవాళ్లు 2 నెలలు, మగవాళ్లు 3 నెలలు ఆగాలని చెబుతారు.

రోజూ వేసుకునే మందులు ప్రయాణ దినాలకన్నా కొన్ని రోజులు ఎక్కువే పెట్టుకోండి. వాటిని కంపెనీ ప్యాకింగ్‌లోనే, ప్రిస్క్రిప్షన్‌తో పాటు చేతి సంచిలో ఉంచుకోండి. కొన్ని నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు, ఆఖరికి కొన్ని జలుబు మందుల మీద కూడా కొన్ని దేశాల్లో ఆంక్షలున్నాయి. ఇన్సులిన్ వాడేవాళ్లు చల్లగా ఉంచే పౌచ్ ఏర్పాటు చేసుకోవాలి. చెక్-ఇన్ లగేజీలో పెడితే గడ్డకట్టే ప్రమాదం ఉంది, కారులో వదిలేస్తే వేడికి పాడవుతుంది.

ఇన్సూరెన్స్ పత్రంలో మూడు విషయాలు చదవండి. ఆసుపత్రి ఖర్చులతో పాటు ఇంకో నగరానికో దేశానికో తరలించే ఖర్చు ఇస్తుందా? స్కూబా డైవింగ్ లాంటివి అందులో ఉన్నాయా? బైకు నడిపేటప్పుడు సరైన లైసెన్స్ లేకపోతే, మద్యం తాగి ఉంటే క్లెయిమ్ తిరస్కరిస్తుందా? మూడో ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ అవుననే ఉంటుంది. చిన్న ద్వీపాల్లో పెద్ద ఆసుపత్రి ఉండదు, అక్కడి నుంచి తరలించడానికి అయ్యే ఖర్చు మామూలు కుటుంబం భరించగలిగేది కాదు.

మందుల సంచిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పారాసిటమాల్, థర్మామీటర్, యాంటీసెప్టిక్, బ్యాండేజీలు, పట్టుకారు, అలర్జీ మాత్రలు, దోమల రిపెల్లెంట్, సన్‌స్క్రీన్ ఉండాలి. థర్మామీటర్ చాలామంది మర్చిపోతారు. జ్వరం ఏ రోజున ఎంత ఉందో చెప్పగలిగితే డాక్టర్ పని సగం తేలికవుతుంది.

2. చేరిన రోజు సాయంత్రం

సామాను దించాక బీచ్‌కి పరిగెత్తకముందు ఒక అరగంట వీటికి కేటాయించండి. దగ్గర్లో 24 గంటలూ తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో, ఎంత దూరమో బస చేసిన చోట అడగండి. అక్కడి ఎమర్జెన్సీ నంబర్ ఫోన్‌లో సేవ్ చేయండి. చాలా దేశాల్లో మొబైల్ నుంచి 112 పనిచేస్తుంది గానీ దాని మీదే ఆధారపడొద్దు. ఇంట్లో అందరి ఫోన్లలోనూ బస పేరు, అడ్రసు స్థానిక లిపిలో ఉన్న ఫొటో ఉంచండి.

తర్వాత తీరం నుంచి ఎత్తైన చోటికి నడిచి వెళ్లే దారి ఏదో చూసుకోండి. సునామీ ముప్పున్న తీరాల్లో ఆ దారి చూపే బోర్డులు ఉంటాయి. పిల్లలను వెంటబెట్టుకుని ఒకసారి ఆ దారిలో కొంచెం దూరం నడవండి. పిల్లలకు అది షికారులా ఉంటుంది, దారి మాత్రం గుర్తుండిపోతుంది.

గదిలో కిటికీల జాలీలకు చిల్లులున్నాయేమో, దోమతెర అంచులు పరుపు కిందకు అందుతున్నాయో లేదో చూడండి. బాల్కనీ రెయిలింగ్ ఎత్తు, చిన్నపిల్లల గది తలుపు నేరుగా స్విమ్మింగ్ పూల్ వైపు తెరుచుకుంటుందా అన్నదీ గమనించండి. పసిపిల్లలున్నవాళ్లకు అలాంటి గది ఇస్తే మార్చమని అడగడానికి మొహమాటపడొద్దు.

3. ఎండ, ఉక్క

ఒళ్లు కొత్త వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మీ సెలవు ఐదు రోజులే అయితే అలవాటు పడకుండానే తిరిగొస్తారన్నమాట. అందుకే ఎక్కువ నడక, ట్రెక్కింగ్, ఆటలు పొద్దున్నో సాయంత్రమో పెట్టుకుని, నడిమధ్యాహ్నం నీడలో ఉండండి. తీరంలో గాలి వీస్తుంటే చల్లగా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ అతినీలలోహిత కిరణాలు తగ్గవు. మబ్బు పట్టిన రోజున కూడా చర్మం కమిలేది అందుకే. వాతావరణ యాప్‌లలో ఈ కిరణాల తీవ్రతను చెప్పే యూవీ ఇండెక్స్ ఉంటుంది. 8 దాటితే చాలా ఎక్కువని, 11 అంతకు పైన ఉంటే అత్యంత తీవ్రమని అర్థం. ఉష్ణమండలంలో మధ్యాహ్నం 11 దాటడం మామూలే.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా ఎక్కువ ఉన్నది వాడండి. అంకెకన్నా పూసే మోతాదు ముఖ్యం. పెద్దవాళ్లకు ఒళ్లంతా పూయడానికి దాదాపు 30 మిల్లీలీటర్లు కావాలి, చాలామంది అందులో సగం కూడా పూయరు. ప్రతి రెండు గంటలకూ, నీళ్లలోంచి బయటికొచ్చిన ప్రతిసారీ మళ్లీ పూయాలి. చెవులు, పాదాల పైభాగం, మెడ వెనక మర్చిపోవద్దు. స్నోర్కెలింగ్‌కు, అంటే నోట్లో గొట్టం పెట్టుకుని నీటి మీద బోర్లా తేలుతూ కిందకు చూడడానికి వెళ్తే, వీపూ మోకాళ్ల వెనక భాగమే ముందు కాలతాయి. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే సన్‌స్క్రీన్ బాధ సగం తగ్గుతుంది, పిల్లలకు నేను ముందుగా చెప్పేది అదే. పగడపు దిబ్బల రక్షణ కోసం కొన్ని చోట్ల ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్ల మీద నిషేధం ఉంది. పసిఫిక్ ద్వీప దేశం పలావ్ 2020లో, హవాయి 2021లో దీన్ని అమల్లోకి తెచ్చాయి. కొనే ముందు లేబుల్ చూడండి.

వడదెబ్బను గుర్తుపట్టడం ఇంట్లో ఒక్కరికైనా తెలిసుండాలి. బాగా చెమటలు, తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వేడికి అలసిపోయిన లక్షణాలు. నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో ఉంచి, నీళ్లో ఓఆర్‌ఎసో తాగిస్తే అరగంటలో తేరుకోవాలి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, నడక తూలుతున్నా, స్పృహ తప్పుతున్నా, ఒళ్లు 40 డిగ్రీల సెల్సియస్ దాటినా అది వడదెబ్బ. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోవద్దు, చెమట పడుతూ కూడా రావచ్చు. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఊరుకోకుండా మనిషిని చల్లబరుస్తూ ఉండండి. చల్లటి నీళ్లలో మెడ దాకా కూర్చోబెట్టడం అన్నిటికన్నా మేలు. అది కుదరకపోతే బట్టలు తీసి ఒళ్లంతా నీళ్లు పోస్తూ గాలి విసరండి. స్పృహ సరిగా లేని మనిషికి నోట్లో నీళ్లు పోయొద్దు.

4. దోమలు

డెంగీ, చికున్‌గున్యా, జికా వ్యాప్తి చేసే ఏడిస్ దోమ పగలు కుడుతుంది. తెల్లవారాక, పొద్దుగూకే ముందు దాని జోరు ఎక్కువ. మలేరియా తెచ్చే అనాఫిలిస్ రాత్రి కుడుతుంది. కాబట్టి సాయంత్రం ఒక్కసారి రిపెల్లెంట్ పూసుకుంటే సరిపోదు. 20 శాతం లేదా ఎక్కువ డీట్ ఉన్నది, లేదా పికారిడిన్ ఉన్నది వాడండి. ముందు సన్‌స్క్రీన్ పూసి, అది ఆరాక పైన రిపెల్లెంట్ పూయాలి. రెండూ కలిపి ఒకే సీసాలో అమ్మేవి కొనకండి, సన్‌స్క్రీన్ తరచూ పూయాలి, రిపెల్లెంట్ అంత తరచుగా అక్కర్లేదు. రెండు నెలల లోపు పసిపిల్లలకు డీట్ వాడకూడదు, వాళ్లను దోమతెర కిందే ఉంచాలి. డీట్ ప్లాస్టిక్‌ను కరిగించగలదు, కళ్లజోడు, వాచీ జాగ్రత్త.

జ్వరం వస్తే పారాసిటమాల్ ఒక్కటే వేసుకోండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. అది డెంగీ అయితే ఆ మందులు రక్తస్రావాన్ని పెంచుతాయి. డెంగీలో చాలామందిని మోసం చేసేది జ్వరం తగ్గే సమయం. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగిపోతుంది, హమ్మయ్య అనుకుంటారు. ప్రమాదకరమైన దశ మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగతగా ఉండడం, చేతులు కాళ్లు చల్లబడడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మర్నాటి ఫ్లయిట్ ఉందని ఆగొద్దు.

5. నీళ్లలో దిగే ముందు, దిగాక

ఒక నియమం మాత్రం ఎవరి మాటా వినకుండా పాటించమంటాను. లైఫ్‌గార్డ్ లేని బీచ్‌లో ఈదొద్దు. ఎర్ర, పసుపు రంగుల జెండాలు రెండు పాతి ఉంటే వాటి మధ్యే దిగాలి, లైఫ్‌గార్డులు చూస్తుండేది ఆ భాగాన్నే. ఒక ఎర్ర జెండా అంటే ప్రమాదం ఎక్కువ, దిగకపోవడమే మంచిది. రెండు ఎర్ర జెండాలంటే నీళ్లు పూర్తిగా మూసేశారని అర్థం. ఊదా రంగు జెండా జెల్లీ ఫిష్ లాంటి జీవులున్నాయని చెబుతుంది. జెండాల పద్ధతి అన్ని దేశాల్లో ఒకటే కాదు, కాబట్టి బీచ్ ముందున్న బోర్డు చదవండి, అర్థం కాకపోతే లైఫ్‌గార్డ్‌నే అడగండి.

బీచ్‌లలో మునిగిపోవడాలకు పెద్ద కారణం రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు మళ్లీ వెనక్కి వెళ్లాలి కదా. అవి ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ లోతు ఎక్కువుందో అక్కడ సన్నటి పాయగా చేరి సముద్రంలోకి దూసుకెళ్తాయి. దీని వేగం సెకనుకు 2 మీటర్లు దాటగలదు. దానికి ఎదురీది గెలవడం ఎంతటి ఈతగాడికైనా కష్టమే.

దాన్ని ఒడ్డు నుంచే గుర్తుపట్టొచ్చు. కాస్త ఎత్తైన చోట నిలబడి పది నిమిషాలు కదలకుండా నీళ్లనే చూడండి. అలలు తెల్లగా విరుగుతూ వరుసగా వస్తుంటాయి. ఆ తెల్లటి వరుసలో ఒకచోట ఖాళీ కనిపిస్తుంది. అక్కడ అల విరగదు, నీళ్లు పక్కవాటికన్నా ముదురు రంగులో ఉంటాయి. ఇంకాసేపు చూస్తే ఆ ఖాళీలో నురుగు, ఇసుక కలిసిన బురద నీళ్లు, తేలే ఆకులు ఒడ్డు వైపు కాకుండా సముద్రం వైపు కదులుతుంటాయి. అదే రిప్. బాధాకరమైన సంగతేమిటంటే, అలలు లేని ఆ చోటే పిల్లలతో వచ్చినవాళ్లకు సురక్షితంగా తోస్తుంది, నేరుగా అక్కడికే వెళ్లి దిగుతారు. నది సముద్రంలో కలిసే చోట, రాతి కట్టల పక్కన కూడా ఇలాంటి ప్రవాహాలు తరచూ ఉంటాయి.

చిక్కుకుంటే ఏం చేయాలో ఇప్పుడే మనసులో పెట్టుకోండి. రిప్ మిమ్మల్ని కిందకు లాగదు, దూరంగా తీసుకెళ్తుంది అంతే. చనిపోయేవాళ్లు ఎక్కువమంది ఒడ్డు వైపు ఎదురీది, అలసిపోయి మునుగుతారు. కాబట్టి మొదట వెల్లకిలా తేలండి, శ్వాస కుదుటపడనివ్వండి. ఒక చెయ్యి పైకెత్తి ఊపుతూ కేకలు వేయండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు తెల్లగా విరిగే వైపు ఈదండి, అక్కడ లోతు తక్కువ, అలలే మిమ్మల్ని ఒడ్డుకు నెడతాయి. ఓపిక లేకపోతే తేలుతూ ఉండండి. చాలా రిప్‌లు కొంతదూరం పోయాక బలహీనపడతాయి, కొన్ని గుండ్రంగా తిరిగి మళ్లీ లోతు తక్కువ చోటికే తెస్తాయి.

ఇంకొకరు మునుగుతుంటే వెంటనే దూకేయాలనిపిస్తుంది. కాపాడబోయి తామే మునిగిపోయిన తల్లిదండ్రులు, స్నేహితులు ఎందరో ఉన్నారు. ముందు లైఫ్‌గార్డ్‌ను పిలవండి. ఖాళీ నీళ్ల డబ్బా, ఐస్ బాక్స్, సర్ఫ్ బోర్డు, తేలేది ఏదైనా విసరండి. మునిగే మనిషి అరవడని కూడా గుర్తుంచుకోండి. నోరు నీటి మట్టం దగ్గర పైకీ కిందకీ అవుతుంటుంది, చేతులు పక్కలకు నీళ్లను నొక్కుతుంటాయి, పిలిచినా పలకడు. పిల్లలైతే నిమిషంలోపే మునిగిపోతారు. అందుకే పెద్దవాళ్లలో ఒకరు వంతుల వారీగా, ఫోన్ పక్కన పెట్టి, పిల్లల్ని చూడడమే పనిగా పెట్టుకోవాలి. చిన్నపిల్లలు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. గాలి ఊదిన బొమ్మలు, రింగులు ప్రాణరక్షణ సామగ్రి కావు, ఒడ్డు నుంచి వీచే గాలికి అవి పిల్లలతో సహా లోపలికి కొట్టుకుపోతాయి.

బయటికి తీసిన మనిషికి శ్వాస లేకపోతే, అంబులెన్స్‌కు ఒకరు ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ముందు నోటితో శ్వాస ఇచ్చి, ఆ తర్వాత ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. 30 నొక్కులకు 2 శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగంతో. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులు చేయడం వల్ల విలువైన నిమిషాలు పోతాయి తప్ప మేలు జరగదు. తేరుకుని కూర్చున్నా సరే ఆసుపత్రిలో చూపించాలి, ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా ముదరొచ్చు. ఇలా ఛాతీ నొక్కి శ్వాస ఇచ్చే సీపీఆర్‌లో ప్రయాణానికి ముందు శిక్షణ ఒక్క పూట తీసుకోగలిగితే, మందుల సంచి మొత్తం కన్నా అదే విలువైనది.

తక్కినవి క్లుప్తంగా. లోతు తెలియని నీళ్లలోకి తల ముందుగా దూకొద్దు, మెడ విరిగి జీవితాంతం కదల్లేని స్థితి వస్తుంది. మద్యం తాగి దిగొద్దు. చీకటి పడ్డాక దిగొద్దు. స్నోర్కెలింగ్‌లో గబగబా ఊపిరి తీసుకుని ఎక్కువసేపు మునగాలని చూడొద్దు, ఏ హెచ్చరికా లేకుండా నీళ్లలోనే స్పృహ పోతుంది. పిల్లలు ఇసుకలో మోకాళ్ల లోతు దాటి గుంటలు తవ్వకుండా చూడండి, గోడ కూలితే క్షణాల్లో ఊపిరాడదు. స్కూబా డైవింగ్ చేస్తే విమానం ఎక్కే ముందు, ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. డైవింగ్ చివరి రోజుకు పెట్టుకోకపోతే ఈ లెక్కల టెన్షనే ఉండదు.

6. నీళ్లలో కుట్టేవి, గుచ్చుకునేవి

జెల్లీ ఫిష్ కుడితే మూత్రం పోయడం, ఇసుకతో రుద్దడం, మంచినీళ్లతో కడగడం చేయొద్దు. మంచినీళ్లు తగిలితే చర్మానికి అంటుకుని ఉన్న విష కణాలు ఇంకా పేలొచ్చు. తర్వాతి చికిత్స జాతిని బట్టి మారుతుంది. పెట్టె ఆకారంలో ఉండే బాక్స్ జెల్లీ ఫిష్ తిరిగే తీరాల్లో బీచ్ దగ్గరే వెనిగర్ సీసాలు పెడతారు. దాన్ని కుట్టిన చోట కనీసం 30 సెకన్లు ధారగా పోసి, ఆ తర్వాత పట్టుకారుతో తంతువులు తీయాలి. బాక్స్ జెల్లీ ఫిష్‌లలో పెద్ద జాతి కొద్ది నిమిషాల్లోనే గుండెను ఆపగలదు, కాబట్టి సాయం కోసం ముందే కేక వేయాలి. నీలి బుడగలా తేలే బ్లూ బాటిల్ కుడితే మాత్రం వెనిగర్ వద్దు. సముద్రపు నీళ్లతో కడిగి, చర్మం భరించగలిగే వేడి నీళ్లలో, దాదాపు 45 డిగ్రీలు, 20 నిమిషాలు ఉంచాలి. ఏది కుట్టిందో తెలియకపోతే లైఫ్‌గార్డ్‌ను అడగండి, ఆ తీరంలో ఏముంటాయో వాళ్లకు తెలుసు.

ఇరుకాంజీ అనే గోరంత జెల్లీ ఫిష్ కుట్టినప్పుడు పెద్దగా నొప్పి ఉండదు. అరగంట తర్వాత నడుము నొప్పి, చెమటలు, వాంతులు మొదలై బీపీ ప్రమాదకరంగా పెరుగుతుంది. ఈత తర్వాత ఇలాంటి లక్షణాలొస్తే అలసట అనుకుని పడుకోవద్దు.

టేకు చేపలు (స్టింగ్‌రే) లోతు తక్కువ నీళ్లలో ఇసుక కింద దాక్కుంటాయి. అడుగులు ఎత్తి వేయకుండా పాదాలు ఇసుకలో ఈడుస్తూ నడిస్తే అవే తప్పుకుంటాయి. టేకు చేప ముల్లు, రాతి చేప ముల్లు గుచ్చుకుంటే భరించగలిగేంత వేడి నీళ్లలో 30 నుంచి 90 నిమిషాలు ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి. ముల్లు ఛాతీలోనో పొట్టలోనో దిగితే పీకొద్దు. శంకు ఆకారంలో ఉండే అందమైన గవ్వలను చేత్తో ఎత్తొద్దు, లోపల ప్రాణి ఉంటే దాని విషానికి విరుగుడు మందు లేదు. పగడం కోసిన గాయం చిన్నదే అయినా సబ్బుతో బాగా కడగండి. షుగర్, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు పచ్చి గాయంతో సముద్రంలో దిగడం ప్రమాదం, విబ్రియో అనే బ్యాక్టీరియా గంటల్లోనే తీవ్రమైన ఇన్ఫెక్షన్ తెస్తుంది.

ఉప్పునీటి మొసళ్లుండే ప్రాంతాల్లో నదుల చివరి భాగాలు, మడ అడవుల కాలువల దగ్గర హెచ్చరిక బోర్డు లేకపోయినా నీళ్ల అంచున నిలబడొద్దు.

7. తిండి, నీళ్లు

సీల్ ఉన్న సీసా నీళ్లు, లేదా తెర్లాక కనీసం ఒక నిమిషం మరిగించిన నీళ్లు తాగండి. పళ్లు తోముకోవడానికీ అవే వాడండి. ఐస్ ఏ నీళ్లతో చేశారో తెలియకపోతే వద్దనండి. పొగలు కక్కే వేడితో వడ్డించినది, మీరే తొక్క తీసుకున్న పండు దాదాపు ఎప్పుడూ సురక్షితమే. బఫేలో గంటల తరబడి గోరువెచ్చగా ఉన్నది ఎంత పెద్ద హోటల్‌లోనైనా అనుమానించాల్సిందే.

సముద్రపు చేపల విషయంలో కొత్తవాళ్లకు తెలియని రెండు విషాలున్నాయి. బారకూడా, మోరే ఈల్, పెద్ద సైజు గ్రూపర్ లాంటి పగడపు దిబ్బల చేపల్లో సిగ్వాటెరా విషం పేరుకుంటుంది. ఉడికించినా, ఫ్రీజ్ చేసినా పోదు, రుచిలోనూ తెలియదు. వాంతులు, విరేచనాలతో పాటు పెదాలు తిమ్మిరెక్కుతాయి, చల్లటి వస్తువు తాకితే కాలినట్టు అనిపిస్తుంది. రెండోది ట్యూనా లాంటి చేపలను వేడిలో వదిలేస్తే పుట్టే హిస్టమిన్. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. పచ్చి ఆల్చిప్పలు తినొద్దు.

విరేచనాలు పట్టుకుంటే మొదటి మందు ఓఆర్‌ఎస్. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు వేసి కలపండి. స్పూన్లు అంచు వరకే, కుప్పగా కాదు. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు హాని, కాబట్టి కళ్లతో కొలవొద్దు. వాంతి అయినా పది నిమిషాలాగి మళ్లీ స్పూన్ స్పూన్‌గా పట్టించాలి. రక్తం పడినా, జ్వరం ఎక్కువున్నా విరేచనాలు ఆపే మాత్రలు వేసుకోకుండా డాక్టర్‌ను కలవండి. ఆరు గంటలు మూత్రం రాని పసిబిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆలోచించొద్దు.

మద్యం తాగేవాళ్లు సీల్ లేని సీసాలోది, బకెట్లలో కలిపి ఇచ్చేది, ఇంట్లో కాచినది ముట్టొద్దు. అందులో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉంటే మొదట మామూలు మత్తులాగే ఉండి, 12 నుంచి 24 గంటల తర్వాత చూపు మసకబారుతుంది, కళ్లముందు మంచు కురిసినట్టు కనిపిస్తుంది. ఆసుపత్రిలో విరుగుడు ఉంది, కానీ చూపు, ప్రాణం రెండూ ఎంత త్వరగా వెళ్లారన్న దాని మీదే ఆధారపడతాయి.

8. రోడ్డు మీద, జంతువుల దగ్గర

ఆరోగ్యంగా ఉన్న ప్రయాణికుల మరణాలకు ముఖ్య కారణాల్లో రోడ్డు ప్రమాదాలున్నాయి. ఇంటి దగ్గర ఎప్పుడూ బైకు నడపనివాళ్లు బీచ్ టౌన్‌లో నేర్చుకోవద్దు. నడపగలిగినవాళ్లు కూడా హెల్మెట్ పెట్టుకోండి, ఇసుక పేరుకున్న మలుపుల్లో బ్రేక్ గట్టిగా వేయొద్దు, రాత్రి ప్రయాణం మానుకోండి. పడవ ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ సీటు కింద ఉందని చెబితే సరిపోదు, ఒంటి మీద ఉండాలి. పరిమితికి మించి ఎక్కించుకున్న పడవ కదలకముందే దిగిపోండి, డబ్బులు పోయినా ఫర్వాలేదు.

కుక్క, కోతి, గబ్బిలం కరిచినా, గీరినా, గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి మరీ 15 నిమిషాలు. అదే రోజు రేబిస్ వ్యాక్సిన్ మొదలవ్వాలి. లక్షణాలొచ్చాక రేబిస్ నుంచి బతికినవాళ్లు దాదాపు లేరు. చెప్పులు లేకుండా కుక్కలు తిరిగే ఇసుకలో నడిస్తే కొంకిపురుగు పిల్లలు చర్మంలో దూరి ఎర్రటి వంకర గీతల్లా పాకుతాయి. దురద భరించలేం కానీ మాత్రలతో తగ్గుతుంది.

9. ఆకాశం, భూమి హెచ్చరించినప్పుడు

ఉరుము వినపడితే నీళ్లలోంచి బయటికి రండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ దిగండి. చెట్టు కింద, గొడుగు కింద నిలబడొద్దు. తుపాను హెచ్చరిక వస్తే స్థానిక అధికారులు ఖాళీ చేయమన్న మొదటిసారే కదలండి. తుపాను మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతే అది అయిపోయిందని కాదు, తుపాను కన్ను, అంటే దాని నడిమి ప్రశాంత భాగం, మీ మీదుగా వెళ్తోందని. కాసేపటికి అవతలి దిక్కు నుంచి అంతే బలంగా వస్తుంది. వరద నీళ్లలో నడవాల్సి వస్తే గాయాలు కప్పుకోండి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకుతుంది.

సునామీకి ప్రకృతి ఇచ్చే గుర్తులు మూడు. 20 సెకన్లకు మించి బలంగా కంపించే భూమి, ఉన్నట్టుండి దూరంగా వెనక్కి పోయే సముద్రం, రైలు వస్తున్నట్టు హోరు. ఏ ఒక్కటి కనిపించినా సైరన్ కోసం ఎదురుచూడకుండా ఎత్తుకు పరుగెత్తాలి. ఇండోనేషియాలోని సిమెలువె ద్వీపంలో 1907లో వచ్చిన సునామీ జ్ఞాపకాన్ని జనం తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. భూమి బాగా కంపిస్తే కొండెక్కాలన్నది వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. 2004 డిసెంబర్ 26న భూకంప కేంద్రానికి అంత దగ్గర్లో ఉండి కూడా, సుమారు 78,000 జనాభాలో చనిపోయింది 7 మంది. అదే రోజు ఎన్నో తీరాల్లో సముద్రం వెనక్కి పోతే జనం చేపల కోసం, వింత చూడడానికి ముందుకు వెళ్లారు. మొదటి అల అన్నిటికన్నా పెద్దది కానక్కర్లేదు, అధికారులు చెప్పేదాకా గంటలైనా కిందకు దిగొద్దు.

10. తిరిగొచ్చాక

మలేరియా మాత్రలు చెప్పినన్ని రోజులూ పూర్తి చేయండి. ఇంటికొచ్చాక ఆపేయడం చాలామంది చేసే పొరపాటు. మలేరియా లక్షణాలు కుట్టిన వారం తర్వాతే మొదలవుతాయి, కొన్ని రకాల్లో నెలల తర్వాత కూడా రావచ్చు. వచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, డాక్టర్ అడగకపోయినా, ఎక్కడికి వెళ్లారో, ఏ తేదీల్లో ఉన్నారో, ఏ మాత్రలు వాడారో మీరే ముందు చెప్పండి. జ్వరం వచ్చిన రోజే మలేరియా పరీక్ష చేయించుకోవాలి, ఒకసారి నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్లీ చేయించాలి. రెండు వారాలు దాటిన విరేచనాలు, మానని చర్మపు పుండు, కళ్లు పచ్చబడడం కూడా చూపించుకోవాల్సినవే. కుక్క కరిచి వ్యాక్సిన్ మొదలుపెట్టి ఉంటే మిగతా డోసుల తేదీలు ఫోన్‌లో పెట్టుకుని ఇక్కడ పూర్తి చేయండి. రక్తదానం చేసే అలవాటున్నవాళ్లు బ్లడ్ బ్యాంకులో ప్రయాణం సంగతి చెప్పి, వాళ్లు ఎన్నాళ్లు ఆగమంటే అన్నాళ్లు ఆగాలి.